ముత్యపు చేపలు: సముద్ర జీవుల శరీరంలో కాపురముండే పాము ఆకారపు చేపల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్‌, హనుమకొండ, ములుగు ప్రాంతాల జంతుశాస్త్ర విద్యార్థులు, ఉపాధ్యాయులు, పోటీ పరీక్షలకు చదువుకునేవారు ముత్యపు చేపల గురించి అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. చాలామందికి ఈ చేపల పరిచయం ఫోన్లలో తిరిగే చిన్న వీడియోతోనే మొదలవుతుంది. సముద్ర దోసకాయ మలద్వారం నుంచి సన్నని చేప తల బయటపెడుతుంది, చూసినవారు నవ్వుతారు లేదా ముఖం చిట్లిస్తారు, విషయం అంతటితో ఆగిపోతుంది. నిజానికి తెలుసుకోవలసింది అక్కడి నుంచే మొదలవుతుంది. ఈ ఒక్క కుటుంబంలోనే తాము కాపురముండే జీవి, అంటే ఆతిథేయి జోలికి పోకుండా తలదాచుకునే చేపలూ ఉన్నాయి, ఆతిథేయి అవయవాలను లోపలి నుంచే తిని బతికే చేపలూ ఉన్నాయి. ఈ తేడా వాటి పళ్ళలో, దవడల్లో, ఒంటి తీరులో కనిపిస్తుంది.

ప్రశ్న: ముత్యపు చేపలని వేటిని అంటారు?

కారాపిడే కుటుంబానికి చెందిన సముద్రపు చేపలను ముత్యపు చేపలంటారు. వీటిలో ముప్పైకి పైగా జాతులున్నాయి. శరీరం సన్నగా, పొడవుగా ఉండి తోక వైపు సూదిమొనలా అంతమవుతుంది. ఒంటిపై పొలుసులు ఉండవు. చాలావాటికి కడుపు వైపు ఉండవలసిన జత వాజాలు ఉండవు, కొన్నింటికి ఛాతీ వాజాలు కూడా లేవు. చాలా జాతుల్లో చర్మం ఎంత పారదర్శకంగా ఉంటుందంటే వెన్నెముక, లోపలి అవయవాలు బయటికే కనిపిస్తాయి. చాలావరకు జానెడు, అంతకు కొంచెం అటూ ఇటూ పొడవుంటాయి.

ఈ కుటుంబంలోని చేపలన్నీ ఇతర జీవుల లోపల ఉండవు. పైరమోడాన్‌, స్నైడరిడియా వంటి ప్రజాతుల చేపలు లోతు నీళ్ళలో స్వేచ్ఛగానే తిరుగుతాయి. కారాపస్‌, ఎన్‌కీలియోఫిస్‌ ప్రజాతులు సముద్ర దోసకాయల్లోనూ, కొన్ని సముద్ర నక్షత్రాల్లోనూ ఉంటాయి. ఒనక్సోడాన్‌ ప్రజాతి చేపలు ఆల్చిప్పల్లో ఉంటాయి.

ప్రశ్న: చూడటానికి మలుగు పాములా ఉన్నాయి. ఇవీ ఆ జాతివేనా?

కావు. మలుగు పాములు ఆంగ్విల్లిఫార్మిస్‌ క్రమానికి చెందినవి, ముత్యపు చేపలు ఒఫిడిఫార్మిస్‌ క్రమానికి చెందినవి. మన చెరువుల్లో దొరికే బొమ్మిడాయిలు ఈ రెండింటికీ చెందని మరో వంశం. సన్నగా, పొడవుగా ఉండే శరీరం ఇరుకు సందుల్లోకి, బురదలోకి, రాళ్ళ పగుళ్ళలోకి దూరడానికి పనికొస్తుంది కాబట్టి ఆ ఆకారం చేపల్లో వేరువేరుగా ఎన్నోసార్లు ఏర్పడింది. ఆకారాన్ని చూసి చుట్టరికం కలపకూడదని విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. డింభకాలను, అంటే గుడ్డు నుంచి వచ్చిన తొలి దశ పిల్లలను పక్కపక్కన పెడితే తేడా ఇంకా స్పష్టమవుతుంది. మలుగు పాము డింభకం ఆకులా పలచగా, వెడల్పుగా ఉంటుంది. ముత్యపు చేప డింభకం దారంలా సాగి ఉంటుంది, వీపు మీద పొడవైన తంతువు ఒకటి వేలాడుతుంది.

ప్రశ్న: సముద్ర దోసకాయ లోపల చేపకు చోటెక్కడ ఉంటుంది?

సముద్ర దోసకాయ మొక్క కాదు, కాయ కాదు. సముద్ర నక్షత్రాలు, సముద్రపు అర్చిన్‌లు ఉన్న ఇకైనోడెర్మేటా వర్గానికి చెందిన జంతువు. ప్రపంచంలో సుమారు 1,700 జాతులున్నాయి. వీటిలో చాలా భాగం సముద్రం అడుగున మెల్లగా కదులుతూ, నోటి చుట్టూ ఉన్న స్పర్శకాలతో ఇసుకను, బురదను తీసుకుని అందులోని సేంద్రియ పదార్థాన్ని తింటాయి.

ఈ చేప కథకు ఆయువుపట్టు సముద్ర దోసకాయ ఊపిరి పీల్చే పద్ధతిలో ఉంది. చాలా సముద్ర దోసకాయలకు శరీరం లోపల కొమ్మలు కొమ్మలుగా చీలిన రెండు గొట్టాల వ్యవస్థ ఉంటుంది. దానిని శ్వాస వృక్షాలంటారు. అవి వెనుక చివర, మలద్వారానికి లోపలే ఉండే అవస్కరమనే తిత్తిలోకి తెరుచుకుంటాయి. జంతువు మలద్వారాన్ని తెరిచి, అవస్కరాన్ని విప్పి నీటిని లోపలికి తీసుకుంటుంది. తరువాత మలద్వారాన్ని మూసి, అవస్కరాన్ని ముడిచి ఆ నీటిని శ్వాస వృక్షాల్లోకి నెడుతుంది. ఇలా కొన్నిసార్లు నింపుకున్న తరువాత ఒక్కసారిగా బయటికి వదులుతుంది. అంటే మలద్వారమే దాని శ్వాసద్వారం. వెనుక వైపు నుంచి ఆక్సిజన్‌ ఉన్న కొత్త నీరు ఎప్పుడూ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి లోపలున్న చేపకు ఊపిరాడుతుంది. శ్వాస వృక్షాలు లేని సముద్ర దోసకాయలు కూడా ఉన్నాయి. వాటిలో ఈ ఏర్పాటు ఉండదు.

కొన్ని చేపలు శ్వాస వృక్షంలోనే ఉండిపోతాయి. కొన్ని దాని పలుచని గోడను చీల్చుకుని, పేగులకూ శరీర కుడ్యానికీ మధ్య ఉండే శరీర కుహరంలోకి చేరతాయి.

ప్రశ్న: చేప లోపలికి ఎలా వెళుతుంది?

ఈ ప్రవేశాన్ని మధ్యధరా సముద్రపు జాతి కారాపస్‌ ఏకస్‌లో చాలాకాలంగా గమనిస్తున్నారు. ఇటలీ శాస్త్రవేత్త కార్లో ఎమెరీ నేపుల్స్‌ అఖాతపు ముత్యపు చేపల మీద 1880లోనే ప్రత్యేక గ్రంథం ప్రచురించాడు. అప్పట్లో ఈ చేపలను ఫైరాస్ఫర్‌ అనే ప్రజాతి పేరుతో పిలిచేవారు.

చేప ముందుగా సముద్ర దోసకాయను వాసనతో గుర్తిస్తుంది. దగ్గరికి రాగానే తల కిందికి వంచి, తోక పైకెత్తి, దాని ఒంటి వెంట నెమ్మదిగా జరుగుతూ నీరు బయటికి వచ్చే చోటును వెతుకుతుంది. మలద్వారం దొరికాక ముక్కును అక్కడే ఆనించి ఆగుతుంది. ఆ తరువాత తోకను ఒంటి పక్కగా ముందుకు మడిచి, సూదిలా ఉన్న దాని కొనను తెరుచుకున్న ద్వారంలోకి చొప్పిస్తుంది. తోక లోపల కుదురుకున్నాక తలను వెనక్కి తీసి, శరీరాన్ని నిటారుగా చేసుకుని వెనక్కి వెనక్కి జారుతూ లోపలికి పోతుంది. సముద్ర దోసకాయ ఊపిరి తీసుకోవడానికి తెరిచిన ప్రతిసారీ ఇంకొంత జారుతుంది. చివరికి తల ఒక్కటే బయట మిగిలి, అదీ మాయమవుతుంది. కొన్నిసార్లు తలతోనే దూసుకుపోవడమూ ఉంది. పొలుసులు, కడుపు వాజాలు లేకపోవడం ఇక్కడే అక్కరకొస్తుంది. ఏ భాగమూ అడ్డుపడదు, ఏ భాగమూ గోడను గీయదు.

ప్రశ్న: సముద్ర దోసకాయ అడ్డుకోలేదా?

మలద్వారాన్ని గట్టిగా మూసుకోగలదు, మూసుకుంటుంది కూడా. ఎంతసేపు మూసుకున్నా ఊపిరి కోసం మళ్ళీ తెరవక తప్పదు. చేప అక్కడే కాచుకుని ఉంటుంది.

సముద్ర దోసకాయకు వేరే ఆయుధాలు లేకపోలేదు. దాని ఒంట్లో సపోనిన్‌లనే రసాయనాలుంటాయి, అవి చేపల మొప్పలను దెబ్బతీసి చంపగలవు. బోహాడ్షియా, హోలోతూరియా ప్రజాతుల్లోని కొన్ని జాతులు బెదిరినప్పుడు క్యువియర్‌ నాళికలనే జిగురు దారాలను వెనుక నుంచి వదులుతాయి, వాటిలో చిక్కిన జంతువు కదలలేదు. కొన్ని జాతులు తమ పేగులనే బయటికి కక్కేసి, కొంతకాలానికి వాటిని మళ్ళీ పెంచుకుంటాయి. ఇన్ని ఉన్నా ముత్యపు చేప వాటి మధ్యే బతుకుతుంది. సపోనిన్‌లు కలిపిన నీటిలో మామూలు చేపలనూ ముత్యపు చేపలనూ ఉంచి చూసిన ప్రయోగాల్లో ముత్యపు చేపలు ఎంతో ఎక్కువ సేపు తట్టుకున్నాయి.

ప్రశ్న: లోపలుండగా మలవిసర్జన ఎలా చేస్తుంది?

ముత్యపు చేపల్లో మలద్వారం చాలా ముందుకు, తల వెనకే గొంతు కింది భాగంలో ఉంటుంది. అందువల్ల తలను మాత్రం బయటపెడితే పని పూర్తవుతుంది. శరీరం మొత్తం బయటికి రానక్కర లేదు, ఉంటున్న చోటు పాడుకాదు.

ప్రశ్న: ఇది సహభోజకత్వమా, పరాన్నజీవనమా? పరీక్షలో ఏది రాయాలి?

గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ‘ముత్యపు చేప, సముద్ర దోసకాయ: సహభోజకత్వం’ అని ఒక్క పంక్తిలో ఉన్న నోట్సును మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ పంక్తి సగమే నిజం. ప్రజాతి పేరు చెప్పకుండా ఈ ప్రశ్నకు సరైన జవాబు లేదు.

కారాపస్‌ ప్రజాతి చేపలు పగలంతా ఆతిథేయి లోపల గడిపి, చీకటిపడ్డాక బయటికి వచ్చి రొయ్యల వంటి చిన్న క్రస్టేషియన్లను, చిన్న చేపలను వేటాడతాయి. వాటి దవడలు బలమైనవి, పళ్ళు పట్టుకోవడానికి తగినట్టు ఉంటాయి. ఆతిథేయి నుంచి అవి తీసుకునేది చోటు మాత్రమే. ఆతిథేయికి లాభమూ లేదు, చెప్పుకోదగ్గ నష్టమూ లేదు. దీనిని సహభోజకత్వం అనడం సమంజసం.

ఎన్‌కీలియోఫిస్‌ సంగతి వేరు. ఎన్‌కీలియోఫిస్‌ గ్రాసిలిస్‌ వంటి జాతులు సముద్ర దోసకాయ శరీర కుహరంలో ఉంటూ దాని బీజకోశాలను, శ్వాస వృక్షాలను తింటాయి. వీటి నోరు చిన్నది, పై దవడ చర్మంతో తలకు అంటుకుపోయి ఉంటుంది, పెద్దగా తెరుచుకోదు. పరుగెత్తే రొయ్యను పట్టడానికి ఆ నోరు పనికిరాదు, కదలని మెత్తని కణజాలాన్ని కొరుక్కోవడానికి అది చాలు. ఇది నిస్సందేహంగా పరాన్నజీవనం. అయినా ఆతిథేయి చచ్చిపోవాలని లేదు, ఎందుకంటే పోయిన అవయవాలను తిరిగి పెంచుకునే శక్తి సముద్ర దోసకాయకు ఉంది. పరాన్నజీవికి తరగని ఆహారం దొరకడానికి ఆ శక్తే కారణం.

ఈ తేడాను జీర్ణాశయంలో దొరికిన ఆహారం చూసి మాత్రమే చెప్పలేదు. జీర్ణాశయం చివరి భోజనాన్నే చూపిస్తుంది. బెల్జియంలోని లీజ్‌ విశ్వవిద్యాలయానికి చెందిన ఎరిక్‌ పార్మాంటియే బృందం 2004లో చేపల కండరాల్లోని కార్బన్‌, నైట్రోజన్‌ ఐసోటోపుల నిష్పత్తులను కొలిచింది. ఒక జంతువు చాలాకాలంగా ఏమి తింటున్నదో దాని కండరంలోని ఆ నిష్పత్తులు చెబుతాయి. కారాపస్‌ చేపల ఆహారం బయటి జీవులేనని, ఎన్‌కీలియోఫిస్‌ గ్రాసిలిస్‌ ఆహారం ఆతిథేయి శరీరమేనని ఆ కొలతలు కూడా బలపరిచాయి.

కాబట్టి పరీక్షలో ‘కారాపస్‌’ అని ఇస్తే సహభోజకత్వం, ‘ఎన్‌కీలియోఫిస్‌’ అని ఇస్తే పరాన్నజీవనం రాయండి. ఉత్త ‘ముత్యపు చేప’ అని మాత్రమే ఇస్తే ప్రశ్న తయారుచేసినవారు సాధారణంగా ఆశించేది సహభోజకత్వమే. వివరణాత్మక ప్రశ్న అయితే రెండూ రాయండి, అలా రాసిన జవాబే సరైన జవాబు. ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే: ఈ రెండు ప్రజాతులను పక్కపక్కన పెట్టి బోధించండి. ఒకే వంశంలో ఆశ్రయం కోరే అలవాటు ఒక శాఖలో ఆశ్రయంగానే నిలిచి, మరో శాఖలో ఆహారంగా మారిందన్న మాట పిల్లలకు అప్పుడు నిర్వచనాల కన్నా బాగా గుర్తుంటుంది.

ప్రశ్న: ఒక్క సముద్ర దోసకాయలో ఎన్ని చేపలుంటాయి?

సాధారణంగా ఒకటి, ఒక్కోసారి రెండు. మగ, ఆడ జంటగా దొరికిన సందర్భాలున్నాయి. అయితే బోహాడ్షియా ఆర్గస్‌ అనే జాతికి చెందిన ఒకే ఒక్క సముద్ర దోసకాయలో 15 కారాపస్‌ మౌర్లానీ చేపలు దొరికిన సంగతిని విక్టర్‌ బెన్నో మెయర్‌-రోఖో 1977లో ప్రచురించాడు. ఈ విషయం చర్చకు వచ్చినప్పుడల్లా ఆ సంఖ్యనే చెబుతారు, కాని దానిని మామూలు సంగతిగా అనుకోకూడదు. లోపల కలిసిన చేపలు ఎప్పుడూ సఖ్యంగా ఉంటాయనీ లేదు, ఒక ముత్యపు చేప మరొక దానిని తిన్న ఉదాహరణలు నమోదయ్యాయి.

ప్రశ్న: ఇవి చప్పుడు చేస్తాయట, నిజమేనా?

నిజమే. వీటి గాలితిత్తికి ప్రత్యేకమైన కండరాలు అతుక్కుని ఉంటాయి. అవి తిత్తి ముందు భాగాన్ని లాగి వదలడంతో శబ్దం పుడుతుంది. ఇప్పటికే ఒక చేప ఉన్న సముద్ర దోసకాయలోకి మరో చేప ప్రవేశించినప్పుడు ఈ శబ్దాలను రికార్డు చేశారు. చీకటి కుహరంలో ఎదుటిదాన్ని కళ్ళతో గుర్తించే వీలు లేదు కాబట్టి, వచ్చింది ఎవరో తెలుసుకోవడానికి శబ్దం పనికొస్తుందని శాస్త్రవేత్తల అభిప్రాయం.

ఆల్చిప్పలో ఉండే ఒనక్సోడాన్‌ ఫౌలెరీ మీద ఫ్రెంచ్‌ పాలినీషియాలో జరిగిన పరిశోధన మరింత ఆసక్తికరమైనది. నల్ల పెదవి ముత్యపు ఆల్చిప్ప లోపల ఆ చేప చేసే శబ్దాన్ని బయటినుంచి విని కొలిచారు. మందమైన చిప్ప శబ్దాన్ని మింగేస్తుందని ఎవరైనా అనుకుంటారు, కాని కొన్ని పౌనఃపున్యాల వద్ద చిప్ప ఆ శబ్దాన్ని పెంచుతున్నట్టు తేలింది.

ప్రశ్న: ముత్యానికీ ఈ చేపకూ సంబంధమేమిటి?

ఆల్చిప్ప లోపల చచ్చిపోయిన చేపను ఆ జీవి బయటికి నెట్టలేకపోతే, చిప్ప లోపలి మెరిసే పూతను పొరలు పొరలుగా దాని మీద పేరుస్తుంది. ఇలా తళుకు పూతలో చేప ఆకారం మొత్తం నిలిచిపోయిన చిప్పలు దొరికాయి. ఆ చిప్పల వల్లనే ఈ కుటుంబానికి ఆ పేరు వచ్చింది.

ప్రశ్న: పిల్ల చేపలు ఆతిథేయిని ఎలా చేరుకుంటాయి?

గుడ్లు జిగురు ముద్దలుగా నీటిలో తేలతాయి. వాటి నుంచి వచ్చే మొదటి డింభకం వెక్సిలిఫర్‌ నడిసముద్రపు పైనీళ్ళలో ప్లవకాలతో కలిసి బతుకుతుంది. పైన చెప్పిన వీపు తంతువు ఈ దశకే చెందుతుంది. తరువాతి దశ టెన్యుయిస్‌. ఇందులో తంతువు పోతుంది, చేప చాలా పొడవుగా, సన్నగా ఉండి సముద్రం అడుగుకు దిగి ఆతిథేయిని వెతుక్కుంటుంది. ఆతిథేయి లోపల స్థిరపడే క్రమంలో దాని పొడవు బాగా తగ్గిపోతుంది. పిల్ల జంతువు పెద్దయ్యేటప్పుడు పొడవు తగ్గడం వినడానికి వింతగా ఉన్నా, ముత్యపు చేపల్లో అది క్రమం తప్పని దశ.

ప్రశ్న: మన పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల్లో ఇలాంటివి ఉంటాయా?

ఉండవు, ఉండటానికి వీలు లేదు. సముద్ర దోసకాయలు, సముద్ర నక్షత్రాలు మంచినీటిలో బతకలేవు. ఆ వర్గం మొత్తంలో ఒక్క మంచినీటి జాతి కూడా లేదు. మన చెరువుల్లో, గోదావరిలో ఆల్చిప్పలున్నాయి, కాని వాటిలో ముత్యపు చేపలు ఉండవు. మంచినీటి ఆల్చిప్పను వాడుకునే చేపలు వేరే దేశాల్లో ఉన్నాయి. ఐరోపాలో, తూర్పు ఆసియాలో ఉండే బిటర్లింగ్‌ చేపలు ఆల్చిప్ప మొప్పల మధ్య గుడ్లు పెడతాయి, అవి అక్కడే పొదిగి, పిల్లలు ఈదడం వచ్చాక బయటికి వస్తాయి. పెద్ద చేప మాత్రం లోపల ఉండదు.

దీనికి అనుబంధంగా, ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదంటారు కదా అని కొందరు అడుగుతారు. ఉండేది. పాకాల పేరుతోనే పిలిచే శిలా సమూహంలోని సున్నపురాయి లోతులేని సముద్రపు అడుగున పేరుకున్నది. ఆ సమూహంలోని విభాగాలకు మల్లంపల్లి, ములుగు పేర్లే పెట్టారు. కాని ఆ రాళ్ళ వయసు వంద కోట్ల సంవత్సరాలకు పైమాట, చేపలు భూమి మీద కనిపించింది సుమారు 50 కోట్ల ఏళ్ళ కిందట. అందువల్ల ఆ సముద్రంలో చేపా లేదు, సముద్ర దోసకాయా లేదు.

ప్రశ్న: వీటి ఆతిథేయులు భారతదేశంలో ఎక్కడ ఉన్నాయి?

తమిళనాడు తీరంలోని మన్నార్‌ సింధుశాఖ, పాక్‌ అఖాతం, అలాగే లక్షద్వీప్‌, అండమాన్‌ దీవుల పగడపు దిబ్బలు సముద్ర దోసకాయలకు ముఖ్యమైన నెలవులు. తూర్పు ఆసియాలో ఎండు సముద్ర దోసకాయలకు ఉన్న గిరాకీ వల్ల వాటిని విచ్చలవిడిగా పట్టారు. దానితో 2001లో కేంద్ర ప్రభుత్వం అన్ని సముద్ర దోసకాయలనూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చింది. 2020లో లక్షద్వీప్‌లోని చెరియపాణి దగ్గర 239 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని సముద్ర దోసకాయల సంరక్షణ కోసమే కేటాయించారు. ఆతిథేయి తగ్గితే లోపలుండే చేపకు నిలువ నీడ ఉండదు. సముద్ర దోసకాయలను కాపాడాలన్న మాట వచ్చినప్పుడు ఈ చేపను కూడా లెక్కలో వేసుకోవాలని మేము బలంగా నమ్ముతున్నాము.

ప్రశ్న: సముద్రంలో దిగిన మనిషి ఒంట్లోకి దూరుతాయా?

దూరవు. ఆతిథేయి వాసన, దాని ఊపిరి నీటి ప్రవాహం రెండూ ఉంటేనే చేప లోపలికి వెళ్ళే ప్రయత్నం చేస్తుంది. మనిషి దగ్గర ఆ రెండూ లేవు. విశాఖపట్నానికో సూర్యలంకకో విహారానికి వెళ్ళే పిల్లలకు ఈ భయం పెట్టకండి.

ప్రశ్న: ఇంట్లో అక్వేరియంలో పెంచుకోవచ్చా?

వద్దు. సముద్రపు నీటి అక్వేరియం కావాలి, ఆతిథేయి కావాలి, మన దేశంలో ఆ ఆతిథేయిని పట్టడం, అమ్మడం నేరం.

ప్రశ్న: మా కళాశాల ప్రయోగశాలలో సముద్ర దోసకాయ సీసా ఉంది. అందులో ఏమి గమనించవచ్చు?

ఉమ్మడి వరంగల్‌, కరీంనగర్‌ జిల్లాల్లోని పాత డిగ్రీ కళాశాలల జంతుశాస్త్ర ప్రయోగశాలల్లో ఫార్మలిన్‌లో నిల్వచేసిన సముద్ర దోసకాయ నమూనా ఒకటి సాధారణంగా కనిపిస్తుంది. ముందుగా రెండు చివరలనూ పోల్చండి. స్పర్శకాల కుచ్చు ఉన్నది నోటి చివర. చాలా నమూనాల్లో స్పర్శకాలు లోపలికి ముడుచుకుపోయి ఒక ముడతలా మాత్రమే కనిపిస్తాయి. రెండో చివర ఉన్న గుండ్రని ద్వారమే ఈ పేజీలో చెప్పిన ప్రవేశమార్గం. ఆక్టినోపైగా ప్రజాతి నమూనా అయితే ఆ ద్వారం చుట్టూ సున్నపు గట్టి పళ్ళు అయిదు స్పష్టంగా కనిపిస్తాయి. వాటిని భూతద్దంతో చూడండి. అడుగు వైపున వరుసలుగా ఉన్న చిన్న చిన్న బొడిపెలు నాళికా పాదాలు, జంతువు నేలను పట్టుకుని కదిలేది వాటితోనే. కోసి చూపించిన నమూనా ఉంటే పేగు పక్కన గుబురుగా ఉన్న శ్వాస వృక్షాలను, అవి వెనుక అవస్కరంలో కలిసే చోటును వెతకండి. చేప వెళ్ళే దారి మొత్తం ఆ ఒక్క కోతలో కనిపిస్తుంది. మీ ప్రయోగశాలలో ఉన్నది 2001కి ముందు సేకరించిన పాత నమూనా అయి ఉండవచ్చు. అది పాడైపోతే దాని స్థానంలో కొత్తది కొనబోకండి, పక్క కళాశాల నమూనాను చూపించండి, లేదా నమూనా పటాలతో బోధించండి.